నర్సమ్మ కాలు

అక్కా,

నీ శిక్షణ ఎలా సాగుతోందో ముందు అడగాలి. ఈసారి ఆ మర్యాద లేకుండానే మొదలుపెడుతున్నాను, ఏమనుకోకు. నీ భర్త గురించి నీకే రాయాల్సి రావడంతో చెయ్యి సాగడం లేదు.

పాత తెల్ల కారులో తిరిగే కాన్పుల నర్సమ్మ నీకు తెలుసు కదా. ఇళ్లకు వెళ్లి గర్భిణులను, బాలింతలను చూసి వస్తుందే, ఆవిడ. నెల కిందట మన గ్యారేజీలోనే సర్వీసు చేయించుకుంది. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. బండి ఆగి ఉన్నా ఇంజను గోల పెడుతోందట. పెడల్ మీంచి కాలు తీసినా ఇంజను వేగం చూపే ముల్లు రెండువేల దగ్గరే ఉంటోందట. క్లచ్ వదిలితే కారు ముందుకు దూకుతోంది. అలాగే వెళ్లి ఆస్పత్రి గేటును గుద్దింది.

బావ బానెట్ ఎత్తలేదక్కా. తాగిన టీ గ్లాసులో సిగరెట్ ముంచి ఆర్పాడు. "బండికేం లేదు పెద్దమ్మా. మీ కాలే బరువెక్కింది. వయసు మీద పడింది కదా, పెడల్ మీద కాలు ఉందో లేదో మీకు తెలీట్లేదు" అన్నాడు. ఆమె గేటు దాటగానే అచ్చం ఆవిడలా నడుం పట్టుకుని, కుంటుతూ వచ్చి కుర్చీలో కూలబడి, నేలను కాలితో దబదబా బాదాడు. పెయింటరూ వెల్డరూ పడీపడీ నవ్వారు.

"ఏం సిస్టరమ్మా, నవ్వితే పాపం తగులుతుందా?" అన్నాడు నాతో. కాన్వెంటులో చదివినందుకు ఇక్కడ నా పేరు అదే.

నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నోట్లో పాచిలా ఉంది.

కాలు పెట్టకుండానే ఇంజను జోరుగా తిరిగితే ఏమేం చూడాలో సర్వీసు పుస్తకంలో ఉంది. అరగంట పని. చెబుదామనుకున్నాను, మాట గొంతు దాకా వచ్చింది. "పుస్తకాలు చదివితే బండ్లు బాగవవు మరదలా" అంటాడని మింగేశాను.

నిన్న నర్సమ్మ నడిచి వచ్చింది. కారు అమ్మేస్తుందట. కారు లేకపోతే ఊరవతలి ఇళ్లకు వెళ్లలేదు కాబట్టి పనీ మానేస్తుందట. "ఏ నిండు చూలాలినో గుద్దేస్తే ఏం చెయ్యను బాబూ?" అంది. "మంచి ఆలోచనే పెద్దమ్మా. కొనేవాళ్లను నేను చూస్తాలెండి" అన్నాడు బావ, చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటూ.

నాకిక్కడ అన్నం సయించడం లేదు. నెలాఖరుకు మానేస్తాను. స్టోరుగది బాధ్యత నీ మొగుడి మొహాన కొడతాను. కొట్టలేననుకో, నెమ్మదిగా చెప్పి వచ్చేస్తాను.

నీ చెల్లి

*

అక్కా,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. మొన్నటి ఉత్తరంలో బావ గురించి రాసినదాంట్లో అబద్ధం లేదు. నా గురించే తక్కువ రాశాను.

ఆ ఉత్తరం రాసిన మర్నాడు నర్సమ్మ కారు తెచ్చి, కొనేవాళ్లకు చూపించమని వదిలి వెళ్లింది. ఆదివారం గ్యారేజీలో ఎవరూ లేరు. బానెట్ ఎత్తాను. యాక్సిలరేటర్ తీగ బిగుసుకోలేదు, ఉండాల్సినంత వదులుగానే ఉంది. గాలి వెళ్లే దారిలోని మూత పూర్తిగా పడుతోంది. అంటే ఇంజను ఇంకెక్కడి నుంచో దొంగగాలి పీలుస్తోంది. చిల్లున్న చోట నీళ్లు పడితే ఆ గాలి కాసేపు ఆగుతుంది కాబట్టి, ఇంజను నడుస్తుండగా స్ప్రే సీసాతో ఒక్కో రబ్బరు గొట్టం మీదా నీళ్లు చల్లాను. మూడోదాని మీద పడగానే ఇంజను గొంతు తగ్గి, మళ్లీ లేచింది. మళ్లీ చల్లితే మళ్లీ తగ్గింది. బావ మొహం ఎలా మాడుతుందో తలుచుకుని సంతోషపడ్డాను. ఆ సంతోషం రెండు నిమిషాలు.

ఇంజను ఆపి, చల్లారాక గొట్టం ఊడదీశాను. వేడికి మెత్తబడి పొడుగునా చిట్లింది. లోపల నూలు అల్లిక లేదు. గాలి గొట్టానికి అల్లిక ఉంటుంది. ఇది కారు అద్దం మీదికి నీళ్లు చిమ్మే గొట్టం. రెండూ నల్లనివే, ఒకే లావు, స్టోరుగదిలో పక్కపక్క మేకులకు వేలాడుతుంటాయి.

సర్వీసు రోజున బావ బయటినుంచి "సిస్టరమ్మా, గాలి గొట్టం జానెడు కొయ్యి" అని అరిచాడు. నా ఒళ్లో పుస్తకం ఉంది. తల ఎత్తకుండా, చేతికందిన గొట్టం కోసి కిటికీలోంచి ఇచ్చాను. అతను చూడకుండా బిగించాడు. నిజమే. కానీ చూడకుండా కోసింది నేను. ఇన్నాళ్లూ అతన్ని చూసి ముక్కు మూసుకున్నాను. ఆ కంపు నా చేతిది.

సరైన గొట్టం వేశాను. ముల్లు ఎనిమిదివందలకు దిగింది.

సోమవారం బావతో చెప్పాను. "బాగైందిగా, ఇంకెందుకు రచ్చ? పెడల్ సర్దామని చెప్పి పంపించేద్దాం" అన్నాడు.

"మరి ఆవిడ కాలు?"

"ఏం కాలు?"

నిజంగానే గుర్తు లేదక్కా అతనికి.

కారు నేనే నడుపుకుంటూ ఆమె ఇంటికి వెళ్లాను. చెప్పాల్సినది దారంతా వల్లె వేసుకున్నాను. ఆమె గుమ్మంలోనే ఉంది. తప్పు గొట్టం కోసిచ్చింది నేనని, మీ కాలికేమీ లేదని, మీరు వెళ్లాక నవ్విన వాళ్లలో నేనూ ఉన్నానని ఒక్క గుక్కలో అప్పజెప్పాను.

ఆమె తిట్టలేదు. మెట్టు మీద కూర్చుని కుడికాలి చెప్పు విడిచింది. బొటనవేలి నిండా ఎర్రటి చుక్కలు.

"స్పర్శ ఉందో లేదోనని రోజూ సూదితో గుచ్చి చూసుకుంటున్నా" అంది. "రోజూ నొప్పెట్టింది. అయినా మీవాడి మాటే నమ్మాను."

క్షమించండి అనబోయాను.

"ఇవాళ నీతో మాట్లాడను. బండి ఉంచి నడిచి పో. రేపు పదింటికి నేను గ్యారేజీకి వస్తా. ఆ నవ్వినవాళ్లందరినీ నిలబెట్టి, ఇప్పుడు చెప్పిందే మళ్లీ చెప్పు."

ఇంటిదాకా నడిచే వచ్చాను. గ్యారేజీ మానడం లేదు. బావకు కోపం వస్తుంది, నీకూ రావచ్చు. పెయింటరుకు చెప్పాను, వెల్డరుకు చెప్పాను, పదింటికి ఉండమని. బావకు ఇప్పుడు వెళ్లి చెబుతాను.

నీ చెల్లి