సీసాలతో పాటు మరిగినది

చిరంజీవి మోమ్చిలోకి,

మీ అమ్మ రొసాండా ముద్దులతో, దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టాలి కదా, పెడుతున్నాను. ఒంట్లో అందరికీ బాగానే ఉంది. ఇంట్లో మాత్రం బాగాలేదు. ఎందుకో కిందికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది. మధ్యలో విసుక్కుని పక్కన పడేశావంటే, పైనున్న మీ నాన్న మీద ఒట్టు.

కాఫీ పొట్లంతో పాటు నువ్వు పంపిన ఉత్తరంలో అడిగినవి ముందు చెప్పేస్తాను. కుక్క కాలు నయమైంది, మళ్ళీ పోస్టుమాన్ వెంట పడుతోంది. పందుల కొట్టం పైకప్పు పక్కింటి రాడిసావ్ వచ్చి బాగుచేశాడు. చేసింది గోరంత, తాగింది మాత్రం మన రేగుపళ్ళ సారా సీసాడు. ఈ ఏడు ఎర్ర మిరపకాయలు బాగా కండపట్టి వచ్చాయి. అజ్వార్ ఎలా కుదిరిందని అడిగావు. బ్రహ్మాండంగా కుదిరింది. కానీ ఆ పచ్చడి నా నోటికి పోవడం లేదు నాన్నా.

అక్కడ స్లోవేనియాలో రేవు గేటు దగ్గర వరసలో ఆగి ఉండగా స్టీరింగు మీదే నీకు కునుకు పట్టిందని, లారీ జారుకుంటూ పోయి చెక్కపెట్టెల గుట్టను గుద్దిందని చెప్పావు చూడు, అప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు. ఎవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు. కానీ తాళాలు లాక్కుని నిన్ను గోడౌన్లో మూటలు మోయడానికి పెట్టారే! పాకే వయసు నుంచీ చక్రం కనిపిస్తే వదలనివాడివి.

నిద్రలో నీ ఊపిరి ఆగిపోతోందని తేలినప్పుడు నా కోడలు వేరిత్స ఎన్ని ఆస్పత్రుల చుట్టూ తిరిగిందో నాకు తెలుసు. ఇంట్లో ఉంటే ముక్కుకు తగిలించుకునే గాలి మిషను ఉంది. లారీలో అది పెడితే తెల్లారేసరికి బ్యాటరీ చచ్చిపోతుందని, దారిలోకి ఆ నోటి క్లిప్పు చేయించింది కూడా తనే. కింది దవడను ముందుకు పట్టి ఉంచే ఆ కాస్త ప్లాస్టిక్ ముక్క మీదే నీ ఉద్యోగం నడిచింది.

ఈసారి అది పళ్ళ మీద కూర్చోవడం లేదని, దవడ పీకేస్తోందని నువ్వు ఫోన్ చేసినప్పుడు వేరిత్స స్పీకర్ పెట్టింది. నీ మాటలు నేనూ విన్నాను.

"పొయ్యి పక్కన పెట్టి ఉంటావు! ఒక్క వస్తువు జాగ్రత్తగా చూడమంటే నీకు చేతకాదా? నా పొట్టమీద కొట్టావు కదే!" అన్నావు.

తను ఒక్కసారి నా వైపు చూసింది. "సరే, నేనే పాడుచేశాను. ఇక చాలా?" అని పెట్టేసింది. ఆ తర్వాత మీ ఇద్దరికీ మాటల్లేవు. లారీ గుద్దుకున్న సంగతి కూడా నువ్వు నాకు చెబితే, నేను తనకు చెప్పాల్సి వచ్చింది. మొగుడూ పెళ్ళాలకు నేను కబుర్లు మోసేదాన్ని అయ్యాను.

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను తన ఎదురుగానే కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తున్నాను. అలాగే ఒలుస్తూ కూర్చున్నాను.

మోమ్చిలో, క్లిప్పు పాడుచేసింది నేను.

నువ్వు బయలుదేరే ముందురోజు పచ్చడి సీసాలు మరగబెడుతున్నాం. వేరిత్స పెరట్లో మిరపకాయలు కాలుస్తోంది. కిటికీలో నీ క్లిప్పు డబ్బా కనిపించింది. మూత తీసి వాసన చూశాను. ఛీ, కంపు! దీన్నా నా కొడుకు రాత్రంతా నోట్లో పెట్టుకునేది అనుకున్నాను. చల్లనీళ్ళతోనే కడగాలి, గోరువెచ్చనివి కూడా తగలకూడదు అని వేరిత్స నాకు చెప్పింది. చెప్పలేదని అబద్ధమాడను. "చల్లనీళ్ళకు క్రిములు చస్తాయటే? నీళ్ళలో ముంచితే స్నానం అయిపోయిందా?" అని అప్పుడే ఎగతాళి చేశాను కూడా. ఇన్నేళ్ళుగా నా సీసాల్లో ఒక్కదానికి బూజు పట్టలేదన్న పొగరు నాది. సీసా మూతలతో పాటు దాన్ని కూడా గిన్నెలో పడేశాను. పట్టకారుతో తీస్తే కాస్త తెల్లబడినట్టుంది, అంతే. తళతళలాడుతోందని మురిసిపోయి మళ్ళీ డబ్బాలో పెట్టాను.

నువ్వు ఫోన్ చేసిన క్షణమే నాకు అర్థమైంది. నిజం చెబుదామని తర్వాత నేనే నీకు ఫోన్ చేశాను. నీ గొంతు వినగానే వాన గురించి మాట్లాడాను. మళ్ళీ చేసి పందుల గురించి మాట్లాడాను. సిగ్గులేని ముసలిదాన్ని. చెబితే నువ్వు నన్ను ఏమంటావో అని భయపడ్డాను గానీ, చెప్పకపోతే ఆ పిల్ల ఏమవుతుందో అని ఆలోచించలేదు.

కిందటి మంగళవారం నేనొక్కదాన్నే బస్సెక్కి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఇవ్కొవ్ గారు కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు.

"ఎంతసేపు మరిగించారు బామ్మగారూ?"

"సీసాలు మరిగినంతసేపు."

"ఉప్పు, వెనిగర్ కూడా వేశారా?"

అక్కడున్న నర్సు నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. అది చూసి ఆయన కుర్చీ వేయించి నీళ్ళిచ్చారు. నీ పళ్ళ అచ్చు ఇంకా ఆయన దగ్గరే ఉందట, కొత్తది చేస్తామన్నారు. కానీ నువ్వే వచ్చి పెట్టించుకోవాలి. పెట్టుకుని నిద్ర పరీక్ష చేయించుకుని, అది బాగా వచ్చేదాకా స్టీరింగు ముట్టుకోకూడదు. పాతది మళ్ళీ నోట్లో పెట్టకు, పళ్ళు కదిలిపోతాయట.

అక్కడి నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా, వేరిత్సకు చెప్పేశాను. తను గిన్నెలు కడగడం ఆపలేదు.

"తెలుసు అత్తయ్యా" అంది.

"ఏం తెలుసు?"

"ఆయన సామాను సర్దేటప్పుడు దానికి మిరపకాయ తొక్క అంటుకుని ఉంది. తుడిచి పెట్టేశాను. ఆయన ఫోన్లో అరుస్తుంటే అప్పుడు వెలిగింది."

"మరి నా పేరు చెప్పలేదేమే పిచ్చిదానా?"

అప్పుడు తిరిగింది నా వైపు. "ఆయన నన్ను తిడితే రేపు నేను రెండు తిడతాను, చెల్లుకు చెల్లు. మిమ్మల్ని తిడితే మీరు తిరిగి అనలేరు. మూలన కూర్చుని ఏడుస్తారు. నేను చూడలేను."

నేనేమో నన్ను కాపాడుకోవడానికి నోరు మూసుకున్నాను. తనేమో నన్ను కాపాడటానికే నోరు మూసుకుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో తన చేతి వంటకు నేను పెట్టిన వంకలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆయనకు రాయకండి, అయిపోయిందేదో అయిపోయింది" అని నా దగ్గర మాట తీసుకోబోయింది. ఇవ్వలేదు. పార్సెల్ కట్టేది తనే. తాడు తెద్దామని తను లోపలికి వెళ్ళినప్పుడు ఈ ఉత్తరాన్ని అజ్వార్ సీసాల మధ్య దోపుతాను. స్లోవేనియా బస్సు డ్రైవరు చేతికి కూడా తనే ఇస్తుంది, లోపల ఏముందో తెలియకుండా.

సీసా మూత తీయకముందు నీ భార్యకు ఫోన్ చెయ్. నాకు తర్వాత. తను నాలుగు తిడుతుంది, పడు. తర్వాత సెలవు పెట్టి బస్సెక్కు. నా మీద అరవాలని ఉంటే దాచుకోకుండా ఇంటికొచ్చి, తన ఎదురుగానే అరుచుకో. ఏడుస్తానేమో, ఏడవనీ.

ఇట్లు,
తిట్లకు సిద్ధంగా కూర్చున్న
మీ అమ్మ