నంబరు ప్లేటు మీద ఎర్ర రంగు

మంగళవారం, రాత్రి

దిల్‌సుఖ్‌నగర్‌లో స్కానింగ్ రిపోర్టు చూసి డాక్టరమ్మ మామూలుగానే చెప్పింది. "వయసు పెరిగేకొద్దీ మెదడులోని సన్నటి రక్తనాళాలు గట్టిపడి ఇరుకవుతాయండీ. రక్తం సరిగా అందని చోట ఇలా తెల్ల మచ్చలు పడతాయి. బీపీ మాత్రలు మానకండి."

నాకు యాభై ఎనిమిదే కదా అన్నాను. మీ వయసులో చాలామందికి ఉంటాయిలే అంది.

కిందికొచ్చి చూస్తే నా స్కూటర్ లేదు. ఏపీ అని ఉన్న నంబర్లన్నీ చదివాను. బండి పోయిందని వాచ్‌మన్ మీద అరిచాను. అతను నంబరు అడిగి నేరుగా ఒక స్కూటర్ దగ్గరికి నడిచాడు.

"గిదే గద సార్ మీ బండి? ఏపీ తీసేసి టీజీ రాసుకున్నరు."

ప్రత్యేక తెలంగాణ రావాలని మా ఆఫీసులో అందరూ బండ్ల మీద అలాగే రాసుకుంటున్నారు. కానీ నా బండి మీద ఎవరు రాశారు? ఎల్బీనగర్‌లో ఇల్లు చేరేదాకా అదే ఆలోచన. రాగానే మా ఆవిడను అడిగాను.

సుజాత నవ్వింది. "ఎవలో రాసుడేంది? మొన్న ఆదివారం మీరే గద రాసిన్రు! నేను రంగు డబ్బా పట్టుకున్న."

నేనూ నవ్వాను. రిపోర్టు బీరువాలో బట్టల కింద పెట్టాను.

ఇప్పుడు పెన్ను పట్టుకున్న బొటనవేలి గోట్లో ఎర్ర రంగు ఎండి ఉంది. ఈ డైరీలో రెండు పేజీలు వెనక్కి తిప్పితే ఆదివారం వస్తుంది. తిప్పాలంటే చెయ్యి రావడం లేదు.