ఆదివారం గుంటలో పడిన ఎద్దు

హెల్మ్‌షా, లాంకషైర్
జనవరి 8, 1974

ప్రియమైన తమ్ముడు ఆమోస్‌కు,

నీ ఆదివారం ఎవరిదిరా? ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకునే ముందు జవాబు చెప్పు. దేవుడిదా, మీ జట్టు మేనేజరు, ఆ గారిటీ అనేవాడిదా?

నిన్న మిల్లులో టీ తాగుతుంటే ఎడ్నా పేపరు తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. "చూడు కెజీయా, మీవాడి జట్టు కూడా ఉంది" అంది. గని కార్మికుల గొడవతో బొగ్గు లేదు, బొగ్గు లేక కరెంటు లేదు, కరెంటు లేక మైదానాల్లో లైట్లు వెయ్యకూడదు. అందుకని ఇకమీదట ఫుట్‌బాల్ లీగ్ ఆటలు ఆదివారం కూడా ఆడిస్తారట. ఇరవయ్యో తారీకు, ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి సాల్ట్‌బీ టౌన్ మైదానంలో మీ ఆట. నాలుగో డివిజన్లో కింద నుంచి మూడో స్థానంలో ఉన్న జట్టు కోసం దేవుడి దినాన్ని చింపి ఇస్తున్నారు. మోషే కాలంలో జనం మొక్కిన బంగారు దూడకైనా కాస్త మెరుపుండేది.

మన వంటిల్లు గుర్తుందా? నీకు పదిహేనేళ్ళు. అమ్మానాన్నలు పోయి నాలుగేళ్ళు. మొదటి క్లబ్బు వాళ్ళు కాగితాలు పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. పెద్దదిక్కుగా సంతకం నాది. అమ్మ బైబిలు మీద నీ చెయ్యి పెట్టించి, "ఆదివారం బంతి ముట్టను" అని నీ నోట అనిపించాకే కలం తీశాను. పదిహేడేళ్ళు గడిచాయి, తొమ్మిది క్లబ్బులు మారావు. ఊళ్ళు మారాయి, చొక్కా రంగులు మారాయి, ఆ మాట మారలేదు. ఇప్పుడు మార్చకు.

ఇక్కడ మిల్లు వారానికి మూడు రోజులే నడుస్తోంది. మన ప్రార్థన మందిరం, చాపెల్‌లో కొవ్వొత్తుల వెలుగులో ప్రసంగించాను. తొమ్మిదిమంది వచ్చారు, అందులో ఒకరు నిద్రపోయారు. నీకు పంపిన ఉన్ని మేజోళ్ళు వేసుకుంటున్నావా?

తిరుగు టపాలో జవాబు రాయి.

నీ కోసం మోకరించే అక్క,
కెజీయా

* * *

సాల్ట్‌బీ
జనవరి 11

ప్రియమైన అక్కకు (ప్రసంగి గారికి కాదు, అక్కకే),

నీ ఉత్తరాన్ని మిసెస్ పెటిఫర్ పొగచేపల పళ్ళెం పక్కన పెట్టి, "కవరు కాలుతోంది నాయనా, మీ అక్కే అయ్యుంటుంది" అంది. ఈ ఇంట్లో అద్దెకు దిగి రెండేళ్ళయింది, నీ చేతిరాత ఆవిడకి నాకంటే బాగా తెలుసు. నేను మెట్లు ఒక్కొక్కటిగా దిగుతుంటే, వాళ్ళ తాత దిగినట్టుందని నవ్వుతుంది. సముద్రం గాలి, అంతే. మేజోళ్ళు వేసుకుంటున్నాను.

ఆట సంగతి కొత్తగా చెప్పేదేముంది. ఒకడి దగ్గర బంతి తీసుకుని ఇంకొకడికి ఇస్తాను. నీ మగ్గం మీద అటూ ఇటూ నూలు మోసే నాడె చేసే పనే. బట్టని అందరూ మెచ్చుకుంటారు, నాడె పేరు ఎవడూ అడగడు.

కానీ నీ మిల్లు విద్య నాకింకా అన్నం పెడుతోంది. మగ్గాల హోరులో మాట వినబడక మీరంతా పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళు కదా. చిన్నప్పుడు షెడ్డు గుమ్మంలో కూర్చుని అదంతా నేర్చేసుకున్నాను. అవతలి జట్టువాడు అరచెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఏం గొణిగినా నాకు తెలిసిపోతుంది. తొమ్మిది క్లబ్బుల్లో ఈ రహస్యం ఎవడికీ చెప్పలేదు.

ఆ విద్యే మొన్న నా గుండె కోసింది. గారిటీ గది కిటికీ అద్దం వెనక నుంచి ఛైర్మన్‌తో మన ఇంటిపేరు ఎత్తి అంటున్నాడు: "ఆర్మరాడ్‌కి ముప్పై రెండు దాటాయి. మే నెలలో వదిలేద్దాం." అక్కా, నాకు ఈ పని తప్ప వేరే ఏదీ రాదు. ఆ ఆదివారం ఆడనంటే ఆ 'వదిలేద్దాం' కాస్తా 'వదిలేశాం' అయిపోతుంది.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. ఎద్దు గుంటలో పడితే విశ్రాంతి దినమైనా పైకి లాగరా అని ప్రభువే అడిగాడు కదా. మా జట్టు గుంటలోనే ఉంది. ఈ ఎద్దు లెక్కలోకి రాదా?

ఆలోచిస్తున్నాను.

నీ తమ్ముడు,
ఆమోస్

* * *

హెల్మ్‌షా
జనవరి 14

ప్రియమైన ఆమోస్,

రాదు.

ఎద్దు అంటే ప్రాణమున్నది. గుంటలో అరుస్తుంది, తాడు కోసం చూస్తుంది. తోలు బంతి వెనక పరుగెత్తే ఇరవైరెండుమంది ఎద్దులు కారు. నీకు వాక్యం నేర్పింది నేను, దాన్నే తిప్పి నా మీదకు విసరకు. సాతాను కూడా ప్రభువును శోధించేటప్పుడు వాక్యమే ఎత్తి మాట్లాడాడు.

మే నెల సంగతి చదివి రెండు పూటలు అన్నం సహించలేదు. ఆ మాట దాచుకుందామనుకున్నాను, మెత్తబడ్డానని నీకు అనిపిస్తుందని. ఆకాశ పక్షులకు తిండి పెట్టేవాడు నాలుగో డివిజన్ వాళ్ళను మరచిపోతాడా?

ఇక విను. ఇరవయ్యో తారీకు నా ప్రసంగం వేరొకరికి అప్పగించాను. సోదరుడు సట్‌క్లిఫ్ తన బేకరీ వ్యానులో నన్ను సాల్ట్‌బీ తీసుకొస్తానన్నాడు. వాక్యం చెప్పడానికి చేసే ప్రయాణం పని కిందకి రాదు గనుక, ఆదివారం ప్రయాణమని నువ్వు ఎగతాళి చెయ్యక్కర్లేదు. మీ మైదానం గేటు ముందు నిలబడి, లోపలికి వెళ్ళే ప్రతివాడినీ పేరు పెట్టి కాకపోయినా టోపీ చూసి పిలుస్తాను. నీ పేరు జట్టు కాగితంలో ఉంటే ఆ కాగితం కూడా గట్టిగా చదువుతాను.

అల్లం వేసి పార్కిన్ కేకు చేసి తెస్తున్నాను. నీ కోసమే, జట్టుకి పంచకు.

నీ అక్క,
కెజీయా

* * *

సాల్ట్‌బీ
జనవరి 17

ప్రియమైన అక్కకు,

రావద్దంటే మానేదానివా? వస్తే స్టేషన్ రోడ్డు వైపు గేటు దగ్గర నిలబడు, అక్కడ గాలి తక్కువ. మెడకి మఫ్లరు చుట్టుకో. నీ గొంతు పోతే హెల్మ్‌షాలో పాపులకు సెలవు దొరికినట్టే.

గారిటీతో మాట్లాడాను. అక్కకి మాట ఇచ్చాను, ఆదివారం ఆడలేనని చెప్పేశాను. పైప్ నోట్లోంచి తియ్యకుండానే జవాబిచ్చాడు. "నలుగురికి జ్వరాలు. పన్నెండోవాడిగా బెంచీ మీద కూర్చో చాలు. మీ చాపెల్ వాళ్ళు ఆదివారం చేసే పనే కదా, బెంచీల మీద కూర్చోవడం" అన్నాడు. నవ్వొచ్చి ఒప్పుకున్నాను. ముట్టేది బెంచీనే, బంతిని కాదు.

సంతోషమా?

నీ తమ్ముడు,
ఆమోస్

* * *

సాల్ట్‌బీ
జనవరి 21

ప్రియమైన అక్కకు,

నిన్న ఆట అయ్యేసరికి సట్‌క్లిఫ్ గారి వ్యాను హారన్ మోగుతూనే ఉంది, ముందు లైటు ఒకటి వెలగదు గనుక చీకటి పడకముందే ఇల్లు చేరాలట. నేను బూట్లు విప్పి బయటికి వచ్చేసరికి మీరు వెళ్ళిపోయారు. గేటు కాపలావాడి దగ్గర పార్కిన్ పొట్లం ఉంది. ఒక ముక్క తక్కువుంది. "మీ అక్కగారే పెట్టారు, నాతో మారుమనస్సు గురించి కూడా మాట్లాడారు" అన్నాడు. అందుకని ఎదురెదురుగా చెప్పాల్సింది కాగితం మీద చెబుతున్నాను.

నువ్వు చూసేశావని నాకు తెలుసు. అయినా నా నోటితో నేను ఒప్పుకోవాలి.

ఒక గోలు వెనకబడి ఉన్నాం. గంట ఆట అయ్యాక మా టెర్రీ మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. గారిటీ నా వైపు తిరిగాడు. "లేవయ్యా ఆమోస్."

"ఆదివారం సార్. ముందే చెప్పాను."

ఆయన నా పక్కన కూర్చున్నాడు. "ఆదివారమేనా? లేక ఆ తుంటి నొప్పా? నువ్వు మెట్లు దిగడం నేను చూడలేదనుకుంటున్నావా?"

నాలుగువేలమంది అరుస్తున్నారు, ఆనుకుని కూర్చుంటే తప్ప మాట వినబడదు. ఆయనకి తప్ప ఎవరికీ వినబడదులే అని నిజం చెప్పేశాను. "భయంగా ఉంది సార్. నవంబరు నుంచి పట్టేస్తోంది. ఇంతమంది ముందు కాలు మడతపడితే అంతే, నేనింక ఎవడికీ పనికిరాను. అక్క మాట అడ్డం ఉంది, దాని వెనక ఉండనివ్వండి."

అప్పుడు తల తిప్పితే నువ్వు. లోపల ఉన్నావు. కంచె దగ్గర, ముప్పై అడుగుల దూరంలో, నల్ల టోపీ, చేతిలో జట్టు కాగితం. నా పెదాలే చూస్తున్నావు. నా చిన్నప్పటి దొంగతనాలన్నీ ఒక్కసారి బయటపడినట్టు అయింది.

నువ్వు గొంతెత్తలేదు. మిల్లులో మాట్లాడినట్టు పెదాలు పెద్దగా కదిపి ఒక్కో మాటే అన్నావు. "ఎద్దు గుంటలో ఉంది. లే."

నా పక్కనున్నవాడికి కూడా తెలియలేదు. నాకు మాత్రం చెవులు గింగురుమన్నాయి.

లేచాను. తర్వాతది నువ్వు చూశావు. నేను ఇచ్చిన బంతి ఇంకొకడికి, వాడిచ్చింది మరొకడికి, ఆ మరొకడు గోలు కొట్టాడు. ఒకటి ఒకటి. ఇవాళ పేపర్లో నా పేరు లేదు. కాలు నిలిచింది, రాత్రంతా నొప్పి పెట్టింది.

ఆట అయ్యాక గారిటీ పిలిచాడు. "మే నెల మాట మార్చుకున్నాను. ఇంకో ఏడాది ఉండు. సగం ఆట, సగం రిజర్వు జట్టుకి నేర్పడం. కానీ ముందు ఆ తుంటి డాక్టరుకి చూపించి, ఆయన ఏమన్నాడో దాచకుండా నాకు చెప్పాలి. ఆదివారాలు ఇంకా వస్తాయి, అదీ ఆలోచించుకో. శనివారం ఆటలోపు తేల్చు" అన్నాడు.

"మా అక్కనడగాలి" అన్నాను.

"ముప్పై రెండేళ్ళ మగాడివి."

"మా అక్కని మీరు చూశారు కదా సార్."

ఆయన పైప్ దులిపి జేబులో వేసుకున్నాడు. "సరే, అడుగు" అన్నాడు.

డాక్టరు ఏమంటాడోనని భయం. నీకిచ్చిన మాట విరిగిందని సిగ్గు. ఏం చెయ్యమంటావు?

నీ తమ్ముడు,
ఆమోస్

* * *

హెల్మ్‌షా
జనవరి 24, గురువారం

ప్రియమైన నా తమ్ముడా,

మీ గేటు ముందు చేపల పెట్టె తిరగేసి, దాని మీద నిలబడి గంటసేపు అరిచాను. ఎవరూ తిట్టలేదు, అదే బాధ. ఒకాయన టీ తెచ్చిచ్చాడు. ఇంకొకాయన, "బాగా చెప్పావమ్మా, మా ఫార్వర్డ్‌లకి కూడా నాలుగు తగిలించు" అన్నాడు. ఆదివారం టిక్కెట్టు అమ్మకూడదని చట్టం గనుక ప్రవేశం ఉచితమట, కానీ టిక్కెట్టు ధరకే అమ్మే జట్టు కాగితం కొననిదే లోపలికి పోనివ్వరట. దేవుడి కళ్ళు గప్పుతున్నామనుకునే ఆ కాగితాన్ని జనానికి చూపించి చదువుదామనే కొన్నాను. పన్నెండో నంబరు దగ్గర నీ పేరుంది. పదకొండులో లేవు. మాట నిలబెట్టుకున్నావని పొంగిపోయి, ఒక్కసారి నీ ముఖం చూసి వద్దామని లోపలికి వచ్చాను.

వచ్చి నీ పెదాలు చదివాను.

ఆదాము చెట్ల మధ్య దాక్కున్నాడు, యోనా ఓడ అడుగున దాక్కున్నాడు. నా తమ్ముడు నా లంగా వెనక దాక్కున్నాడు. ముందు కోపం వచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు. నా ఎదురుగా గుంట ఉంది, అందులో నేను పెంచిన ప్రాణం ఉంది. ముప్పై ఏళ్ళుగా గొంతు చించుకుని ప్రసంగిస్తున్నాను, ఎంతమంది లేచారో దేవుడికే తెలుసు. శబ్దం లేకుండా అన్న ఒక్క మాటకి ఒకడు లేవడం కళ్ళారా చూశాను.

ఇప్పుడు నా వంతు, నేనూ ఒకటి ఒప్పుకోవాలి.

ఆ రోజు అమ్మ బైబిలు మీద నీ చెయ్యి పెట్టించింది దేవుడి కోసమని పదిహేడేళ్ళు నమ్మాను. ఇంటికి వస్తూ వ్యానులో, సట్‌క్లిఫ్ ఏవో కీర్తనలు పాడుతుంటే, అది నిజం కాదని నాకు తెలిసింది. వారమంతా మగ్గాల దగ్గర నిలబడే నాకు మనిషి ముఖం చూసే రోజు ఆదివారం ఒక్కటే. వంటింట్లో నువ్వు ఉండేవాడివి. మాంసం ముక్క పెద్దది నీకేసి, నువ్వు తింటుంటే చూసేదాన్ని. వాళ్ళు నిన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. ఆరు రోజులు వాళ్ళకిచ్చి ఏడోది నా కోసం దాచుకున్నాను. దాని మీద దేవుడి పేరు రాశాను, ఎవరూ అడగకుండా. శనివారం ఆట అయ్యాక ఎంత దూరమైనా రైలెక్కి వచ్చి, మర్నాడు చాపెల్‌లో నా పక్కన కూర్చునేవాడివి. నీ తుంటి అరిగింది ఆటలోనో, ఆ రైళ్ళ చెక్క బల్లల మీదో.

నువ్వు భయానికి ఆ దినాన్ని అడ్డం పెట్టుకున్నావు. నేను ఒంటరితనానికి పెట్టుకున్నాను. నిన్న ప్రార్థన కూటంలో తొమ్మిదిమంది ముందు లేచి, మైదానం లోపలికి వెళ్ళింది, నిన్ను ఆడమన్నది, ఇదీ అదీ అన్నీ చెప్పాను. నిద్రపోయే ఆయన కూడా మేలుకున్నాడు. వచ్చే నెల ప్రసంగీకుల సభలో నన్ను నిలబెట్టి అడుగుతారట. అడగనీ. ఎద్దును చూపిస్తాను.

ఆ మాట నుంచి నిన్ను విడిపించాను. ఆదివారం అంగడి సరుకని మాత్రం ఒప్పుకోను. మీ గేటు దగ్గర ఆ చేపల పెట్టె నా కోసం దాచి ఉంచమను, మళ్ళీ వస్తాను, మళ్ళీ అరుస్తాను. నువ్వు లోపల ఆడుకో. ఆట లేని ఆదివారం ఇంటికి రా, పిలుస్తున్నది అక్క, ఆజ్ఞ కాదు.

ఏం చెయ్యమంటావని అడిగావు. ఈ ఉత్తరం శుక్రవారం పొద్దున నీ పళ్ళెం పక్కన ఉంటుంది. శనివారం దాకా ఆలోచిస్తానని మాత్రం అనకు. వాక్యం 'నేడు' అని పిలుస్తుంది, రేపటి సంగతి ఎవరికీ మాట ఇవ్వలేదు. డాక్టరు మంచి మాట చెబితే ఆడు. చెడ్డ మాట చెబితే, బంతి ఒకడి దగ్గర తీసుకుని ఇంకొకడికి ఎలా ఇవ్వాలో నేర్పడానికి తుంటి అక్కర్లేదు. ఏది చెప్పినా అది గారిటీకి దాచకుండా చెప్పు. పొగచేపలు మిసెస్ పెటిఫర్ పిల్లికి పెట్టు, కోటు తగిలించుకో, మఫ్లరు మరచిపోకు, డాక్టరు దగ్గరికి బయలుదేరు. మెట్లు ఒక్కొక్కటిగానే దిగు. కానీ ఈ పూటే దిగు.

నిన్ను కన్నంత పని చేసిన అక్క,
కెజీయా

తా.క. ఇంకా కూర్చునే చదువుతున్నావా? నా పెదాలు చూడు. లేరా. ఈవేళే.