నేను కొట్టేసిన వాక్యం

మంగళవారం, జుఫైర్

ఫెలోషిప్ మీద ల్యాబ్ వదిలి గల్ఫ్‌లోని ఈ భారత దౌత్య కార్యాలయంలో చేరి ఎనిమిది నెలలైంది. ఎండలో పనిచేసే మనవాళ్ల కిడ్నీల గురించి నోట్ రాయడం నా పని. మొదట్లో నేను ‘దెబ్బతింటున్నాయి’ అని రాస్తే మా అధికారి మూర్తిగారు కొట్టేసి, ‘మరింత పరిశీలన అవసరం’ అని రాసేవారు.

“మనం అతిథులమమ్మా. గట్టిగా రాస్తే ఈ దేశంవాళ్లు ఇంకోసారి చర్చల్లో కూర్చోనివ్వరు,” అనేవారు.

ఈరోజు ‘దెబ్బతింటున్నాయి’ అన్న వాక్యం నేనే కొట్టేసి, ఆయన మాట రాసి ఇచ్చాను. ఆయన ఒక్క గీతా పెట్టకుండా సంతకం చేశారు. “పని వచ్చేసిందమ్మా మీకు,” అన్నారు. నాకేమీ అనిపించలేదు.

సాయంత్రం కార్మికుల క్యాంపు నుంచి మల్లేశ్ ఫోన్. పోయిన వారం నాకు రక్తం శాంపిల్ ఇచ్చిన నిజామాబాద్ మేస్త్రీ.

“మేడం, నా రిపోర్టు అచ్చిందా? ఎట్లున్నది?”

వచ్చింది. నిన్ననే చూశాను. అతని కిడ్నీలు దెబ్బతింటున్నాయి, అందులో అనుమానానికి చోటు లేదు. చెప్పాలనే నోరు తెరిచాను.

“ఇంకొంచెం పరిశీలించాలి, మల్లేశ్,” అన్నాను.

ఎవరూ కొట్టేయమనలేదు. అక్కడ మూర్తిగారు కూడా లేరు.

అన్నం వేడిచేసుకుని తిన్నాను. రేపు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాలి. చెబుతానా...

“సరే మేడం,” అన్నాడు మల్లేశ్ ఫోన్ పెట్టేసే ముందు. “మీరు చూస్తున్నరు గద, నాకేం రంది లేదు.”