లార్వాకో మార్కు

సెప్టెంబర్ 8

సైన్సు పెట్టె వచ్చింది. శాంటో డొమింగో సైన్సు సెంటర్ వాళ్ళు బళ్ళకు అరువిచ్చే పెట్టె. భూతద్దాలు, డ్రాపర్లు, మూతల సీసాలు, యాక్టివిటీ కార్డులు. ఒక కార్డు నచ్చింది: మీ ఇంటి నీళ్ళలో ఏముంది? పిల్లలు ఇంటి డ్రమ్ములోంచి దోమ లార్వాలు తేవాలి, భూతద్దంలో చూడాలి, బొమ్మ వేయాలి. మా పేటలో కుళాయి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. డ్రమ్ము లేని ఇల్లు లేదు. ఐదో తరగతికి ఇంతకంటే తేలికైన పాఠం ఏముంటుంది?

కార్డులో మార్కుల మాట లేదు. పిల్లలు బద్ధకిస్తారని నేనే చేర్చాను. లార్వాకో మార్కు, ఇరవై దాకా. పట్టీ రాసి గోడకు అంటించాను.

సెప్టెంబర్ 11

సగం మంది తెచ్చారు. యనెలి ఉత్త నీళ్ళ సీసాతో వచ్చింది. సున్నా వేశాను.

సెప్టెంబర్ 12, ఉదయం ఏడు

గేటు దగ్గరే యనెలి తల్లి మిలెడిస్ పట్టుకుంది. బడి ముందు అరటికాయ వేపుళ్ళు అమ్ముతుంది, గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఏం టీచరమ్మా, ఇల్లు శుభ్రంగా పెట్టుకున్నందుకా నా కూతురికి సున్నా? దోమ గుడ్లు చచ్చేలా ప్రతి ఆదివారం డ్రమ్ము లోపలి అంచులకు క్లోరిన్ పూస్తాను, మా అమ్మ నేర్పింది. ఆ గలీజు కొంపల వాళ్ళకేమో ఇరవయ్యా? అని కడిగేసింది. చుట్టూ ఉన్న తల్లులు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. కార్డులో అలాగే ఉందమ్మా అన్నాను. లేదు.

సెప్టెంబర్ 19

యనెలి సీసా కిక్కిరిసి ఉంది. ఇరవై. మిలెడిస్ గేటు దగ్గర నాకు వేపుడు ముక్కలు కాగితంలో చుట్టి ఇచ్చి, ఇప్పుడేమంటారు టీచరమ్మా? అంది. తిన్నాను. బాగున్నాయి.

సెప్టెంబర్ 26

క్లాసంతా లార్వాలే. హెడ్మిస్ట్రెస్ దోన్యా ఎలుపీనా ఫొటోలు తీసి సెంటర్‌కు పంపింది. పిల్లల్లో ఇంత హుషారు ఎప్పుడూ చూడలేదట. పెట్టెను ఇంకో నెల ఉంచుకోమన్నారు. వెనక బెంచీ వాడొకడు బిస్కెట్టుకు ఒకటి చొప్పున లార్వాలు అమ్ముతున్నాడని తెలిసింది. నవ్వుకున్నాను.

అక్టోబర్ 14

యనెలి రాలేదు. జ్వరమట.

అక్టోబర్ 16

డెంగ్యూ. ఆసుపత్రిలో చేర్చారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయట.

కుట్టింది ఏ ఇంటి దోమో ఎవరు చెప్పగలరు? ఈ పేటలో ఏటా వచ్చేదే. ఇదంతా నిజమే. లార్వా దోమ కావడానికి వారం చాలన్నదీ నిజమే. అది కార్డు వెనకే ఉంది. చదివి వినిపించింది నేనే.

అక్టోబర్ 17, మధ్యాహ్నం మూడు

ఆసుపత్రికి వెళ్ళాను. మిలెడిస్ నన్ను వరండాలోకి లాక్కెళ్ళింది. దాని మార్కుల కోసం క్లోరిన్ పూయడం మానేశాను టీచరమ్మా, మా డ్రమ్ములోంచే వచ్చిందని దానికి మాత్రం చెప్పకండి, తన వల్లే అనుకుంటుంది అని మెడ మీది తువ్వాలుతో నోరు నొక్కుకుంది.

ఆమె సూప్ తేవడానికి వెళ్ళింది. యనెలి నా చెయ్యి పట్టుకుంది. పెదాలు పగిలి ఉన్నాయి. టీచరమ్మా, అమ్మకు చెప్పకండేం, బాత్రూం వెనక నూనె డబ్బాలో నేను వేరే పెంచాను, తెలిస్తే చంపేస్తుంది, అంది.

ఇద్దరికీ మాటిచ్చాను. మార్కులు కార్డులో లేవు, నేనే పెట్టాను అన్న మాట మాత్రం నోట్లోంచి రాలేదు. సిగ్గేసింది. అంతకంటే భయమేసింది.

అక్టోబర్ 18

గోడ మీది పట్టీ చింపేశాను. క్లాసును వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. డ్రమ్ములు ఒంపించి, అంచులకు క్లోరిన్ పూయించాను. మొన్న తెమ్మన్నదీ మీరే, ఇవాళ పారబొయ్యమనేదీ మీరే, నీళ్ళు మీ తాత తెచ్చిస్తాడా? అని ఒకామె తిట్టింది. తిట్టనీ.

యనెలి ఇంటి వెనక నూనె డబ్బాను నేనే బోర్లించాను.

అక్టోబర్ 19

ప్లేట్‌లెట్లు ఇంకా దిగాయి.

అక్టోబర్ 20

ప్రార్థన చేశాను. నాకు అలవాటు లేదు.

అక్టోబర్ 22

పెరుగుతున్నాయి. మిలెడిస్ ఫోన్ చేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పెట్టె వెనక్కి పంపుతున్నాను. సెంటర్ వాళ్ళు మిగతా టీచర్లకు ఈ పాఠం చేసి చూపించమన్నారు. చూపిస్తాను, జరిగిందంతా కలిపి.

నవంబర్ 5

యనెలి వచ్చింది. బాగా చిక్కింది. క్లాసులో చెప్పేశాను: మార్కులు పెట్టింది నేను, తప్పు నాది. మీది కాదు, మీ అమ్మలదీ కాదు.

యనెలి చెయ్యెత్తింది. అయితే టీచరమ్మా, మీకు మీరు ఎన్ని మార్కులు వేసుకుంటారు? అంది.