సర్కారుదైన నీ ఇంజను

ఏమయ్యా,

ఈ సంగతి నీకు కాక ఎవరికి చెప్పను? మన తాడిపత్రికి కరెంటు ఇచ్చే కంపెనీని సర్కారు తీసుకుంది. గేటు మీద బోర్డు మార్చారు. బతికున్నన్నాళ్లూ నువ్వు గుడ్డతో తుడిచి మురిసిపోయిన ఆ డీజిల్ ఇంజను కూడా ఇప్పుడు సర్కారుదే. విని సంతోషించాను.

ఆయుధపూజకు నువ్వు కొనే చేమంతుల్లో మొదటి మూర దానికే కదా. మిగిలిన ముక్క నాకు. అది కాస్త దగ్గితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడివి. నాకు జ్వరమొస్తే మాత్రం "కషాయం తాగి పండుకో" అనేవాడివి.

మొన్న పూజకు నన్నూ పిలిచారు. వెళ్లి చూస్తే ఇంజను మీద నీ ఫోటో, మీ ఇద్దరికీ కలిపి ఒకే దండ! పెళ్లిలో మనకైనా చెరొక దండ వేశారు.

"ఇంజనంటే అన్నకు పానం వదినా. ఆయప్ప ఈడనే ఉండాల" అన్నాడు నీ తర్వాత ఇంజను నడుపుతున్న కొత్త డ్రైవరు మస్తాను.

ఒళ్లు మండిపోయింది. ఫోటో లాగి చంకలో పెట్టుకున్నాను.

"అది కంపెనీ తీయించిన ఫోటో వదినా. ఇప్పుడు సర్కారుది!"

"ఇంజను తీసుకోండప్పా, తీగెలు తీసుకోండి. ఈ మనిషి నావాడు" అని వచ్చేశాను.

ఇప్పుడు నువ్వు మనింట్లో గోడ మీద ఉన్నావు. ఇక్కడికీ దాని చప్పుడు వినిపిస్తోంది. అందుకే కిటికీ మూసేశాను.