కంటికి పట్టిన రంగు

మార్చి 3
ఎడమ కన్ను ఎర్రబడింది. రెప్ప వేస్తే ఇసుక గరగర. బట్టలకి రంగులద్దే డైయింగ్ మిల్లులో నా పనంతా కళ్ళతోనే. ఆర్డరిచ్చిన పార్టీ పంపిన శాంపిల్ పక్కన మా ముక్క పెట్టి, రెండూ ఒకటే షేడా కాదా చెప్పాలి. ఇవాళ లైట్ బాక్స్‌లో తల పెట్టగానే నీళ్ళు ధారగా కారాయి. ఇంటికొస్తే అక్క చూసి హడలిపోయింది. తన శుక్లాల ఆపరేషన్ అప్పటి చుక్కల మందు ఫ్రిజ్ డోర్‌లో ఇంకా సగం ఉందట. రెండ్రోజులు వేసుకోవే, చేత్తో తీసేసినట్టు పోతుంది అంది. తనే వేసింది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. నాకు నలభై రెండేళ్ళొచ్చినా, ఇంకా గడ్డం పట్టుకుని తల పైకెత్తుతుంది.

మార్చి 5
ఎరుపు పోయింది! మా అక్క ముందు డాక్టర్లు దిగదుడుపే.

మార్చి 9
ఎరుపు లేదు గానీ ఎడమ కంటికి లోకమంతా పాలు కలిపిన నీళ్ళలో ఉంది. ప్రతి బల్బు చుట్టూ ఒక వలయం. ఆరేసిన తానులు గాలికి కదులుతుంటే వాటికి అంచులే లేవు. పసుపు నెమ్మదిగా జరిగి నీలంలోకి వెళ్ళిపోయింది. నిజం చెప్పొద్దూ, కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను, బాగుంది.

సాయంత్రం నేను ఓకే చేసిన నేవీ బ్లూ లాట్ వెనక్కొచ్చింది. పదకొండేళ్ళలో మొదటిసారి. మా సూపర్‌వైజర్‌ను అందరం అర్జంటు సారు అంటాం. ఆయన లాట్ ట్యాగు మీద నా పేరు చుట్టూ గీత గీసి వెళ్ళిపోయాడు. అదే భయంగా ఉంది.

మార్చి 10
కంటి ఆసుపత్రి. అక్క బయట బెంచీ మీద కూర్చుంది. డాక్టరమ్మ సన్నటి కాగితం పట్టీతో నా కంటికి రంగు అంటించింది. నాకే డై! నీలం లైటు వేసి ఫోటో తీసి చూపించింది. నల్లగుడ్డు మీద ఆకుల్లేని చిన్న కొమ్మ. లేత నిమ్మపచ్చ, మెరుపు ఎక్కువ. పుండున్నచోటే ఆ రంగు పడుతుందట.

హెర్పిస్ అంది. చిన్నప్పుడు జ్వరమొస్తే పెదవి పేలేదా అని అడిగింది. పేలేది. అక్కకి ఇప్పటికీ పేలుతుంది. ఇద్దరం ఒకే గ్లాసులో తాగేవాళ్ళం. ఆ వైరసే ఇన్నేళ్ళూ నరంలో పడుకుని, ఇప్పుడు లేచి కంట్లోకి దిగిందట.

చుక్కలేమైనా వేశావా అంది. మందు పేరు చెప్పాను. పెన్ను కింద పెట్టేసింది. అది స్టెరాయిడ్ అమ్మా, పైకి ఎరుపు దాచి లోపల వైరస్‌ను మేపుతుంది, ఎవరిచ్చారు నీకు అని కోప్పడింది. మెడికల్ షాపులో ఇచ్చారన్నాను. తలుపవతల అక్క దగ్గు వినిపిస్తోంది.

కొమ్మ నడిమధ్యకి పాకితే మచ్చ పడుతుందట. మచ్చ పడితే షేడ్లు చూసే పని మర్చిపోవాలట. అసైక్లోవిర్ మాత్రలు రాసింది. రోజుకి ఐదు.

మార్చి 11, ఉదయం 6
మాత్ర. చెంబెడు నీళ్ళు.

10
మాత్ర. అక్క కూరగాయలకి వెళ్ళగానే చుక్కల సీసాను పేపర్లో చుట్టి చెత్తబుట్టలో పడేశాను.

మధ్యాహ్నం 2
మాత్ర. సెలవు పెట్టి పడుకున్నా. కర్టెన్ లోంచి వెలుతురు రంగు నీళ్ళలా గది నింపుతోంది. నేను అడుగున ఉన్నాను. అక్క పైన ఎక్కడో గిన్నెలు తోముతోంది.

మార్చి 13
చెకప్‌కి వెళ్ళినప్పుడు మాత్ర ఎలా పనిచేస్తుందని డాక్టరమ్మని అడిగాను. మామూలు కణాల్లో దాదాపు ఊరికే తిరుగుతుందట. వైరస్ ఉన్న కణంలోకి వెళ్తే మాత్రం, ఆ వైరసే దాన్ని తన సరుకనుకుని నిద్ర లేపుతుందట. తన లాంటివాటిని పుట్టించడానికి జన్యువుల గొలుసు అల్లుకుంటూ ఈ దొంగ ముక్కనీ అల్లుకుంటుంది. దాని తర్వాత ఇంకో ముక్క అతకదు. గొలుసు అక్కడితో సరి.

మా కాటన్ రంగు పాలిస్టర్ తానుకి ఎంత ఉడికించినా పట్టదు, కాటన్ దొరికితే వదలదు, అలాంటిదేనా మేడం అన్నాను. ఇకనుంచి పేషెంట్లకి నువ్వే చెప్పమ్మా అని నవ్వింది.

మార్చి 14
పనిలోకి వెళ్ళాను. అర్జంటు సారు నన్ను లైట్ బాక్స్ దగ్గరకి పోనివ్వలేదు. ట్యాగులు రాయమన్నాడు. రెండింటి మాత్ర ఇంట్లో మర్చిపోయాను. రెండుంపావుకి గేటు దగ్గర అక్క, చెమటలు కక్కుకుంటూ, మాత్ర చీటీలో చుట్టి, నీళ్ళ సీసాతో. ఏం మనిషివే, నీ కంటి బెంగ నీకు లేదా, నాకేనా అంది.

మార్చి 17
పక్కింటి టీచరమ్మకి కన్ను ఎర్రబడిందట. అక్క ఫ్రిజ్ డోర్ అంతా వెతికింది. నా ఆపరేషన్ నాటి మందుల చీటీ ఉందిగా, ఇంకో సీసా కొని ఇచ్చేస్తాలే అని చెప్పులేసుకుంది.

ఇక దాచి లాభం లేదు. చెప్పేశాను. కొమ్మ, నిమ్మపచ్చ, మెడికల్ షాపు అబద్ధం, అన్నీ.

చెప్పులతోనే వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూలబడింది. అప్పుడే ఎందుకు చెప్పలేదే అంది. నువ్వు ఏడుస్తావని అన్నాను. ఏడ్చింది. నా చేత్తో నేనే పోశానుగా అని ఒకటే మాట. పక్కన కూర్చున్నాను. చివరికి అక్క లేచి, ముఖం కడుక్కుని, టీచరమ్మని చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

సాయంత్రం 6
మాత్ర. నా గడ్డం పట్టుకోకుండా, దూరం నుంచే గ్లాసు అందించింది.

మార్చి 20
మళ్ళీ రంగు, మళ్ళీ నీలం లైటు. కొమ్మ లేదు! అంచున పలచటి మబ్బు మిగిలిందట, నడిమధ్యకి రాలేదు. వైరస్ చావలేదు, మళ్ళీ నరంలోకి వెళ్ళి పడుకుంది. పడుకున్నదాన్ని మాత్ర ఏమీ చేయలేదట, లేచి అల్లిక మొదలెడితేనే పట్టుకుంటుందట. అందుకే ఏడాదిపాటు రోజుకి రెండు.

అక్క ఈసారి లోపలికొచ్చింది. డాక్టరమ్మతో ఆ చుక్కలు నేనే వేశానండీ అని తలెత్తి చెప్పింది.

ఏప్రిల్ 6
లైట్ బాక్స్. నేవీ బ్లూ. కుడి కన్ను మూసి చూశాను. ఓకే రాశాను. వెనక్కి రాలేదు.

అక్టోబర్ 19
అక్క పెదవి పేలింది. పొద్దున్నే తన గ్లాసు విడిగా పెట్టుకుంది. నా ముందుకొచ్చి నిలబడి, ఆ కన్నుతోనే చూసి ఏం రంగో చెప్పవే అంది. తన గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పాను. ముదురు గులాబీ, అంచున పిసరంత పసుపు, షేడ్ ఓకే అన్నాను. నవ్వితే పగులుతుందని మూతి పట్టుకుని నవ్వింది.